కూలి మనిషి ఎందుకు నిలవడు?

(రైతుసంఘం సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం మీరు రోజూ మాట్లాడుకునేదే. ఏ ఊరికి పోయినా ఒకటే మాట: "పనోళ్లు నిలుస్తలేరు." జీతగాడు ఉగాదికి కుదిరి దసరా కాకముందే పోతాడు. ట్రాక్టర్ డ్రైవర్ దమ్ముల మధ్యలో ఇంకొకరి బండి ఎక్కుతాడు. నాటుకు వస్తామన్న ఆడవాళ్లు తెల్లారేసరికి పక్క ఊరి ఆటోలో ఉంటారు. పత్తి మొదటి ఏరుడుకు వచ్చినోళ్లు మూడో ఏరుడుకు కనబడరు. "పైసలు ఇచ్చినా మనిషికి నమ్మకం లేదు, కాలం చెడిపోయింది" అని మాట ముగిస్తాం.

ఈ మధ్య ఇంకో మాట కూడా వినిపిస్తోంది. ఊరు మొత్తం కూర్చుని కూలి ఇంత అని కట్టడి చేయాలట. మన ఊరి నాట్లు అయ్యేదాకా మన ఊరి కూలీలు పొలిమేర దాటకుండా తీర్మానం చేయాలట. దాటినవాళ్లకు జరిమానా వేయాలట. దీనికి సంఘం మద్దతు ఇవ్వాలని అడిగేవాళ్లు ఈ హాల్లో కూడా ఉన్నారు. వాళ్ల బాధ నాకు తెలుసు. నారు ముదిరిపోతుంటే, మడిలో నీళ్లు ఇంకిపోతుంటే మనిషి దొరకకపోతే ఎట్లుంటదో రైతుకే తెలుసు. కానీ ఆ తీర్మానం మనం చేయకూడదు. ఎందుకు చేయకూడదో చెప్పడానికే ఈ పూట నిలబడ్డాను.

పాత కాలంలో ఎందుకు నిలిచాడు?

"మా నాయిన కాలంలో జీతగాడు ఒక్క ఇంట్లోనే ముప్పై ఏండ్లు ఉండేది" అని పెద్దలు చెప్తారు. నిజమే, ఉండేవాడు. ప్రేమతో ఉన్నాడా? కొన్ని ఇండ్లలో ప్రేమ కూడా ఉండవచ్చు. కానీ అతన్ని అక్కడ ఉంచింది మాత్రం అప్పు.

పెండ్లికో, చావుకో, రోగానికో దొర దగ్గర నూరో రెండు నూర్లో తెచ్చుకునేవాడు. ఆ అప్పు కింద జీతానికి కుదిరేవాడు. జీతం వడ్డీకి పోయేది, అసలు అట్లనే ఉండేది. లెక్క రాసేది దొర, చదవరానిది జీతగాడికి. తండ్రి పనికిరాకుండా అయితే కొడుకు వచ్చి ఆ అప్పు మీదనే నిలబడేవాడు. దీన్నే మన దిక్కు భగేలా అన్నారు. నిజాం కాలంలోనే భగేలా ఒప్పందాల మీద చట్టం చేయాల్సి వచ్చిందంటే అది ఎంత ముదిరిందో అర్థం చేసుకోవచ్చు. చట్టం కాగితం మీద ఉంది, జీతగాడు కొట్టంలోనే ఉన్నాడు.

1976లో దేశమంతటికీ వెట్టి చాకిరి రద్దు చట్టం వచ్చింది. ఆ చట్టంలో, ఏయే పేర్లతో మనుషులను కట్టిపడేస్తున్నారో ఒక జాబితా ఉంది. అందులో మన మాటలు నాలుగు ఉన్నాయి: భగేలా, జీతం, పాలేరు, వెట్టి. దేశమంతటి చట్టంలోకి మన ఊర్ల మాటలు నాలుగు ఎక్కినయంటే అది గొప్ప చెప్పుకునే సంగతి కాదు. ఆ చట్టం ఇంకో మాట స్పష్టంగా చెప్తుంది: అప్పు ఇచ్చినందుకు బదులుగా ఒక మనిషి ఇంకో చోట పని చేసుకునే స్వేచ్ఛను వదులుకోవాల్సి వస్తే, అది కూడా వెట్టే. కొట్టాల్సిన అవసరం లేదు, గొలుసు వేయాల్సిన అవసరం లేదు. "నా బాకీ తీరేదాకా ఎక్కడికీ పోవద్దు" అంటే చాలు. దానికి మూడేండ్ల దాకా జైలు శిక్ష ఉంది.

చట్టం వచ్చినంత మాత్రాన మన దగ్గర మారలేదు. మార్చింది జనం. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర. ఆ ముందూ వెనుకా జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో ఊరూరా సంఘాలు పుట్టాయి. వెట్టి బంద్ చేయాలన్నారు. జీతగాళ్ల జీతాలు పెంచాలన్నారు. దొరలు వసూలు చేసిన దండుగలు తిరిగి ఇవ్వాలన్నారు. మాట వినని దొరలకు చాకలి, మంగలి పనులు ఆగిపోయాయి. ఆ అక్టోబరులోనే ప్రభుత్వం ఆ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆదిలాబాద్ అడవి పల్లెల్లో తునికాకు కూలి రేట్ల కోసం కొట్లాట నడిచింది.

ఆ పోరాటంలో కూలీలతో పాటు చిన్న రైతులు కూడా ఉన్నారు. మన సంఘాల వేర్లు అక్కడ ఉన్నాయి. "ఇష్టం లేకపోతే రేపు రాను" అని చెప్పగలిగే హక్కును జీతగాడు అప్పుడు సంపాదించుకున్నాడు. ఈరోజు మనం "నిలుస్తలేడు" అని బాధపడుతున్నది ఆ హక్కు గురించే.

మనం ఇచ్చే పని ఎన్ని రోజులు?

ఇప్పుడు చేనులోకి వద్దాం. ఒక లెక్క వేసి చూద్దాం. మూడెకరాల వరి రైతును అనుకోండి. ఎకరం నాటుకు పది మంది దాకా ఆడవాళ్లు కావాలి. ఆ పది మంది మన మూడెకరాలు మూడు రోజుల్లో నాటేస్తారు. కలుపుకు ఇంకో రెండు మూడు రోజులు. గడ్డి మందు కొడితే అది కూడా లేదు. కోతలు మిషన్ చేస్తుంది. ఎకరం కోయడానికి గంట, గంటన్నర. వానాకాలం, యాసంగి రెండూ కలిపినా ఒక అక్కకు మన పొలంలో దొరికే పని పది, పన్నెండు రోజులు.

ఏడాదికి 365 రోజులు. మనం ఇచ్చింది పన్నెండు. మిగతా 353 రోజులు ఆమె ఎక్కడ ఉండాలి? ఆమెను ఎవరు సాదాలి? పన్నెండు రోజుల పని ఇచ్చి ఏడాదంతా మనకే కట్టుబడి ఉండాలని కోరుకుంటున్నాం. మనిషి నమ్మకం గురించి మాట్లాడేముందు ఈ లెక్క చూడాలి.

ముందు కాలంలో కోతలు, కుప్పలు, తొక్కించుడు, తూర్పారబట్టుడు కలిపి నెలల పని ఉండేది. అప్పుడు ఆ ఇంటికి ఈ ఇంటికి మధ్య బంధం ఉండేదానికి ఒక ఆధారం ఉంది. హార్వెస్టర్ వచ్చినప్పుడు మనం సంతోషపడ్డాం. తప్పు లేదు. కానీ ఆ రోజు కూలీకి మనతో ఉన్న పని సగం తెగిపోయింది. మిగిలింది నాట్ల ఇరవై రోజులు. ఆ ఇరవై రోజులు అందరికీ ఒకేసారి కావాలి. ఏడాదిలో ఆమె మాటకు విలువ ఉండేది ఆ ఇరవై రోజులే. ఆ రోజుల్లో ఆమె నాలుగు పైసలు ఎక్కువ అడిగితే, ఎక్కువ ఇచ్చే చోటుకు పోతే అన్యాయం అంటామా?

అందుకే గుత్త వచ్చింది. రోజు కూలికి పోతే పొద్దుగూకేదాకా ఒకటే రేటు. పది మంది జట్టు కట్టి ఎకరం గుత్తకు పట్టుకుంటే చేతివేగం ఉన్నవాళ్లు రోజుకు ఎకరానికి పైగా నాటి ఎక్కువ సంపాదిస్తారు. ఈ రోజు ఈ ఊరు, రేపు ఇంకో ఊరు. బీహార్, ఉత్తరప్రదేశ్, బెంగాల్ నుంచి వచ్చే నాటు జట్లు కూడా చేసేది ఇదే. వాళ్లు మన దగ్గరికి వచ్చినప్పుడు "కష్టజీవులు" అంటాం. మన ఊరి అక్క పక్క మండలం పోతే "నమ్మకం లేని మనిషి" అంటాం. ఇద్దరూ చేస్తున్నది ఒకటే పని.

ఆదిలాబాద్ పత్తి సంగతి కూడా ఇట్లాంటిదే. ఏరుడు కిలో లెక్క. మొదటి ఏరుడులో కాయ నిండుగా పగిలి ఉంటుంది, చేతికి ఊరికే వస్తుంది. మూడో ఏరుడుకు వచ్చేసరికి గుడ్డికాయలు, ముడుచుకున్న కాయలు. పొద్దంతా వంగినా సంచి నిండదు. కిలోకు అదే రేటు అంటే ఎవరు వస్తారు? పక్క ఊర్లో ఆలస్యంగా విత్తిన చేనులో మొదటి ఏరుడు నడుస్తుంటే అటే పోతారు. మనిషి మారలేదు, కాయ బరువు మారింది. కడపటి ఏరుడుకు కిలో రేటు పెంచి ఇచ్చే రైతులకు మనుషులు దొరుకుతున్నారు. ఇది మీకు తెలిసిన సంగతే.

ఇక పైసలు ఎప్పుడు చేతికి వస్తాయన్నది ఇంకో ప్రశ్న. "వడ్లు కాంటా అయినంక ఇస్త" అని మనం అంటాం. కొనుగోలు సెంటర్లో లారీ రాలేదంటారు, తాలు కోత అంటారు, తేమ అంటారు. మన ఖాతాలో పైసలు పడేదాకా కూలి ఆగుతుంది. మనకు ప్రభుత్వం బాకీ, మనం కూలికి బాకీ. ఆమెకు కిరాణా షాపు బాకీ. వచ్చే సీజన్లో ఆమె అదే రోజు పైసలు ఇచ్చేవాడి దగ్గరికే పోతుంది.

చివరగా మర్యాద. ఈ మాట కొందరికి నచ్చకపోవచ్చు. తాతను పిలిచినట్టే మనవణ్ణి కూడా "ఒరేయ్" అని పిలిస్తే వాడు నిలవడు. పేరు పోయి "ఫలానా పటేల్ జీతగాడు" అని మిగిలితే వాడు నిలవడు. చాయ్‌కి వేరే గ్లాసు పెట్టే ఇల్లు ఇంకా ఉంటే, ఆ ఇంట్లో ఇంటర్ చదివిన పిల్లగాడు ఎంత జీతమిచ్చినా ఉండడు. అంతే పైసలకు కరీంనగర్‌లోనో, మంచిర్యాలలోనో మూటలు మోస్తాడు. అక్కడ బరువు ఎక్కువే, కానీ సాయంత్రం ఆరు దాటితే వాడు ఎవరి మనిషీ కాదు.

ఎక్కడ నిలుస్తున్నాడు?

"ఈ కాలపు మనుషులకు నిలకడ లేదు" అంటే నేను ఒప్పుకోను. నిలిచే చోటు మన కండ్ల ముందే ఉంది. సింగరేణి చూడండి. బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్, గోదావరిఖని. ఆ బాయి పనికి పోయినవాళ్లు ఎవరు? మన ఊర్ల నుంచి వెట్టి తప్పించుకుని పోయిన జీతగాళ్లు, వాళ్ల కొడుకులు. భూమి లోపల పని, చావు పక్కనే ఉంటుంది. అయినా పర్మినెంటు కార్మికుడు రిటైరయ్యేదాకా కదలడు. తన తర్వాత కొడుక్కు ఆ ఉద్యోగం రావాలని సమ్మెలు చేస్తాడు. దొర కొట్టంలో కొడుకు తండ్రి స్థానంలోకి బలవంతంగా వచ్చాడు. సింగరేణిలో తండ్రి స్థానం కొడుకు కోరుకుని తెచ్చుకుంటున్నాడు. కారణం తెలిసిందే: నెల జీతం, క్వార్టర్, దవాఖాన, పీఎఫ్, పింఛను, పేరు పెట్టి పిలిచే యూనియన్.

అదే సింగరేణిలో కాంట్రాక్టు కార్మికుడిని చూడండి. అదే దుమ్ము, అదే ఎండ, జీతం మాత్రం చాలా తక్కువ. అతను కాంట్రాక్టర్ మారితే మారుతాడు, ఇంకేదైనా దొరికితే పోతాడు. ఒకే ఊరివాళ్లు, కొన్నిచోట్ల ఒకే ఇంటివాళ్లు. ఒకడు నిలుస్తాడు, ఇంకొకడు నిలవడు. తేడా మనిషిలో లేదు, నిలిచినందుకు దొరికేదానిలో ఉంది.

మన పిల్లలు ఏం చేస్తున్నారు?

ఇంకో ఉదాహరణ మన ఇండ్లలోనే ఉంది. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ దిక్కు గల్ఫ్‌కు మనిషి పోని ఊరు ఉందా? బోర్ల అప్పులు, పెండ్లి అప్పులు తీర్చడానికి పోయిన రైతు బిడ్డలే ఎక్కువ. అక్కడ కఫాలా అనే పద్ధతి ఉంది. వీసా ఇచ్చిన యజమాని కఫీల్. అతను ఒప్పుకుంటే తప్ప ఇంకో దగ్గర పని చేయవద్దు. చెప్పిన జీతం ఇయ్యకపోయినా, డ్రైవర్ పని అని తీసుకపోయి ఎడారిలో ఒంటెలు కాయమన్నా అక్కడే ఉండాలి. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, ఇంటి దగ్గర ఏజెంటుకు ఇచ్చిన పైసల మీద వడ్డీ.

భరించలేక బయటపడ్డ పిల్లలకు మనం పెట్టుకున్న పేరు ఖల్లివెల్లి. ఆ కంపెనీ వదిలి దొంగచాటుగా ఇంకో దగ్గర పనిచేసేవాడు. అక్కడి చట్టం వాణ్ణి పారిపోయినవాడు అంటుంది. పోలీసుకు దొరికితే జైలు. యూఏఈ 2018లో, 2024లో క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఎందరో మన పిల్లలు దాని కోసం లైన్లలో నిలబడ్డారు. ఇక్కడ తల్లులు ఏమన్నారు? "నా కొడుకు నమ్మకం లేనోడు, కఫీల్‌ను మోసం చేసిండు" అన్నారా? లేదు. "జీతం ఇయ్యకపోతే ఏం చేస్తడు, బయటికి వచ్చిండు" అన్నారు. సరిగ్గానే అన్నారు.

ఇప్పుడు ఆ దేశాలే మెల్లగా మారుతున్నాయి. ఖతర్ 2020లో, ఒమన్ 2021లో పాత యజమాని అనుమతి పత్రం లేకుండా పని మారే వీలు కల్పించాయి. ఆచరణలో లోపాలు ఉన్నాయి, అయినా దారి అటే. దుబాయిలో మన కొడుక్కు ఏ హక్కు కావాలని కోరుతున్నామో, ఆ హక్కును మన ఊర్లో మాదిగ వాడ పిల్లగాడికి లేకుండా చేస్తామా? అప్పుడు మనం కఫీల్ అవుతాం. ఇంత మంది గల్ఫ్ బాధితులు ఉన్న జిల్లాల రైతుసంఘం ఆ తీర్మానం ఎట్లా చేస్తుంది?

బయానా అనే ఉచ్చు

కొందరు తీర్మానం వద్దంటారు, బయానా ముద్దంటారు. "ముందే పైసలు ఇచ్చి పట్టుకుందాం" అంటారు. ముందు పైసలు ఇవ్వడం తప్పు కాదు. అవసరానికి ఇస్తే అది సాయం. కానీ ఆ పైసలను పగ్గం చేస్తే ఏమవుతుందో చూడాలంటే పెద్దపల్లి దిక్కు ఇటుక బట్టీలకు పోండి. ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి కుటుంబాలు వస్తాయి. సర్దార్ చేతిలో ముందే బయానా. పెండ్లాం, పిల్లలతో సహా ఆరు నెలలు ఇటుక చేయాలి. సగంలో పోతానంటే బయానా కక్కమంటారు. వాళ్లు బట్టీ మారరు. సీజన్ మొత్తం నిలుస్తారు. అది నిలకడ కాదు, నిర్బంధం. మనం కోరుకునే నిలకడ ఇదేనా?

రైతుకు ఈ ఉచ్చు కొత్త కాదు. మనమే అందులో ఉన్నాం. విత్తనాలకు, ఎరువులకు, మందులకు అప్పు ఇచ్చిన షావుకారుకే పంట పోయాలి. బయట క్వింటాల్‌కు రెండు వందలు ఎక్కువ ఉన్నా పోవద్దు. తూకం వాడిదే, ధర వాడిదే, లెక్క వాడిదే. అప్పు పేరుతో కొనేవాణ్ణి ఎంచుకునే స్వేచ్ఛను రైతు దగ్గర గుంజుకుంటున్నారని మనం ఇన్నేండ్లు మాట్లాడుతున్నాం. కూలి మనిషి అమ్మేది రెక్కల కష్టం. కొనేవాణ్ణి ఎంచుకునే స్వేచ్ఛ మన పత్తికి కావాలి కానీ ఆమె కష్టానికి వద్దంటే ఆ మాటకు బలం ఉండదు.

బలవంతం ఎక్కడా నిలువలేదు

మనుషులను పట్టి ఉంచే చట్టాలు లోకం చేసి చూసింది. 1348లో ఇంగ్లండ్‌లో ప్లేగు వచ్చి లెక్కలేనంత మంది చనిపోయారు. మిగిలిన కూలీలు ఎక్కువ కూలి అడిగారు, ఇయ్యకపోతే వేరే ఊరికి పోయారు. అక్కడి భూస్వాములు 1349లో, మళ్లీ 1351లో చట్టాలు తెచ్చారు. పాత కూలికే చేయాలి, ఒప్పుకున్న గడువు ముగియకముందే పోతే జైలు అన్నారు. కూలీలు పోవడం ఆగలేదు. 1381లో రైతుల తిరుగుబాటు వచ్చింది.

బ్రిటిష్ ఇండియాలో 1859లో ఒక చట్టం చేశారు. బయానా తీసుకుని పని వదిలిపోయిన కూలీని జైలుకు పంపవచ్చు. యజమాని మాట తప్పితే జైలు లేదు, కూలి మాట తప్పితేనే జైలు. అరవై ఏండ్లకు పైగా నడిచి 1925లో రద్దయింది.

మొన్నటి సంగతి చెప్తా. 2020లో లాక్‌డౌన్ వల్ల బీహార్ కూలీలు సొంతూర్లకు పోయారు. పంజాబ్‌లో నాట్ల ముందు కొన్ని పంచాయతీలు కూలి రేటుకు కట్టడి వేశాయి. ఊరి కూలీలు బయటికి పోవద్దన్నాయి, మాట దాటితే బహిష్కరణ అన్నాయి. దళిత కూలీల సంఘాలు ఎదురు తిరిగాయి. ఊరు రెండుగా చీలింది. అదే ఏడాది చివర ఢిల్లీ సరిహద్దుకు రైతులు పోవాల్సి వచ్చింది. కూలీలు కూడా మద్దతుగా వచ్చారు, కానీ ఆ గాయం మాననిదే కలిసి నడవడం ఎంత కష్టమైందో అక్కడి సంఘాలకు తెలుసు. మనం ఆ గాయం చేసుకోవద్దు.

మరి రైతు ఎక్కడినుంచి తెచ్చిస్తాడు?

ఇప్పుడు మీ మనసులో ఉన్న ప్రశ్నకు వస్తా. "ఇవన్నీ సరే, ఎక్కువ కూలి ఎక్కడినుంచి తెచ్చియ్యాలె?" ఈ ప్రశ్న న్యాయమైంది. కౌలుకు చేసే రైతు కౌలు కట్టాలి, వడ్డీ కట్టాలి. చాలామందికి చివరికి మిగిలేది కూలి మనిషి సంపాదన కంటే తక్కువ.

2025-26 వానాకాలానికి కేంద్రం సాధారణ వరికి ఇచ్చిన మద్దతు ధర క్వింటాల్‌కు 2,369 రూపాయలు. దానికి లెక్క కట్టిన ఖర్చు 1,579 రూపాయలు. మధ్యరకం పింజ పత్తికి ఖర్చు 5,140, ధర 7,710. ఈ ఖర్చులో మనం చెల్లించే కూలి కూడా ఉంటుంది. కానీ రాష్ట్రాలన్నిటినీ కలిపి సగటు తీస్తారు. కూలి తక్కువ ఉన్న చోటు, ఎక్కువ ఉన్న చోటు కలిసిపోతాయి. మన దగ్గర పెరిగిన నాటు గుత్త, ఏరుడు కూలి ఆ సగటులో మునిగిపోతుంది. ఇక సొంత భూమికి లెక్కగట్టాల్సిన కౌలు, సొంత పెట్టుబడి మీద వడ్డీ ఆ ఖర్చులో కలపరు. అవి కూడా కలిపి, దాని మీద సగం వేసి ధర ఇవ్వాలన్నదే మన డిమాండ్.

అంటే కూలి పెరగడం మన శత్రువు కాదు. పెరిగిన కూలి ధరలో లెక్కకు రాకపోవడం మన సమస్య. కూలిని అణిచి మిగుల్చుకుందామని చూస్తే, రేపు ఆ అణిగిన కూలినే ఖర్చుగా రాసి ఇంకా తక్కువ ధర ఇస్తారు. ఈ కొట్లాటలో కూలి సంఘం మనకు ఎదురు పక్షం కాదు, పక్కన నడవాల్సిన పక్షం.

ఉపాధి హామీ మీద కూడా ఒక మాట. "అది వచ్చి కూలీలను చెడగొట్టింది" అంటారు. 2025-26లో తెలంగాణలో దాని రోజు కూలి 307 రూపాయలు. నాట్ల రోజుల్లో మనం ఇచ్చేది దాని కంటే ఎక్కువే. ఎక్కువ ఇచ్చే పని వదిలి తక్కువ ఇచ్చే పనికి ఎవరూ పోరు. అది పని లేని ఎండాకాలంలో మనిషిని ఊర్లో ఉంచింది. అది లేకుంటే ఆమె ఎప్పుడో హైదరాబాద్ పోయేది, మనకు నాట్లకు కూడా దొరికేది కాదు.

మనం చేయగలిగేది

ధర ప్రభుత్వం చేతిలో ఉంది. కానీ కొన్ని మన చేతిలో కూడా ఉన్నాయి.

మొదటిది, రోజులు కలపడం. ఒక్క రైతు పన్నెండు రోజుల పని ఇవ్వగలడు. పదిహేను మంది రైతులు ఒక్కమాట మీద కూర్చుని, నార్లు ఒకేసారి పోయకుండా నాలుగైదు రోజుల తేడాతో పోసుకుంటే, ఒకే జట్టుకు నెల రోజులు వరుసగా పని దొరుకుతుంది. అప్పుడు ఆ జట్టు ఆటో ఎక్కి ఎందుకు పోతుంది? చెరువు కింద నీటి వంతులు పెట్టుకున్న ఊర్లకు ఇది చేతకాని పని కాదు.

రెండోది, కూలి అదే రోజు, లేకుంటే వారంలో సంత రోజుకు. వడ్ల పైసలతో ముడి పెట్టవద్దు.

మూడోది, సీజన్ ముందు రైతుసంఘం, కూలి సంఘం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం. ఆడవాళ్ల జట్ల నుంచి ఆడవాళ్లే రావాలి. మనం ఒక్కళ్లమే కూర్చుని రాసేది కట్టడి. ఇద్దరం కూర్చుని ఒప్పుకునేది ఒప్పందం.

నాలుగోది, ఏడాది జీతానికి ఉన్న మనిషి గురించి. రెండు నోటుబుక్కులు ఉండాలి, ఒకటి అతని దగ్గర. నెలకు ఇన్ని సెలవులని ముందే చెప్పుకోవాలి. ఇంకా ముఖ్యమైనది ప్రాణం. రాత్రి మోటరు పెట్టపోయి కరెంటుకు బలయ్యేది అతనే, పాము కాటు తినేది అతనే. 2018 నుంచి పట్టా ఉన్న రైతు చనిపోతే రైతు బీమా 5 లక్షలు వస్తుంది. అదే చేనులో జీతగాడు చనిపోతే ఆ బీమా లేదు. కౌలు రైతుకూ లేదు. ఈ ఇద్దరికీ ఇవ్వాలని మన సంఘమే అడగాలి. అప్పటిదాకా కనీసం బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా అయినా కట్టించండి, 2 లక్షల దాకా ప్రమాద బీమా ఉంటుంది. ట్రాక్టర్ మీద, యంత్రం మీద పనిచేసేవాడికి ప్రమాదం జరిగితే పరిహారం ఇవ్వాలని చట్టం కూడా చెప్తుందని మరిచిపోవద్దు.

అయిదోది చట్టానికి సంబంధం లేదు. పేరు పెట్టి పిలవండి. ఒకే గ్లాసులో చాయ్ పోయండి.

ఇవన్నీ చేసినా కొందరు పోతారు. పోనీయండి. వాళ్ల పిల్లలు చదువుకుని పోతారు, మన పిల్లలు పోయినట్టే. చేను మీద మనిషి ఇష్టంతో ఉండాలంటే, పోయే దారి తెరిచి ఉండి కూడా ఉండాలనిపించాలి. అందుకే కట్టడి తీర్మానం ఏ ఊరి కమిటీ ముందుకు వచ్చినా దాన్ని మన సభ్యులు వ్యతిరేకించాలని కోరుతున్నాను. దాని బదులు వచ్చే నాట్లకు ముందు ప్రతి మండలంలో కూలి సంఘంతో ఒక్క సమావేశమైనా జరపాలని ఈ తరగతి నిర్ణయించాలి. ధర కోసం కలెక్టరేట్ ముందు కూర్చునే రోజు వస్తుంది. ఆ రోజు మన పక్కన కూర్చోవాల్సింది వాళ్లే.

ప్రశ్నలుంటే అడగండి.